నెలకు 4,000తో పిల్లవాడు పెరుగుతాడా? బడ్జెట్‌కు ముందు విజ్ఞాపన ఇద్దాం

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. తల్లీ తండ్రీ లేరు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్, అంటే నెలకు 4,000 సాయం, మంజూరైంది. ఆ ఉత్తర్వును ముసలావిడ ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. డబ్బు మాత్రం నెలల తరబడి రాదు, వస్తే ఒకేసారి వచ్చి పడుతుంది. ఈలోపు కిరాణా కొట్టులో అప్పు, అప్పుతో పాటు మాటలు. 2022 మార్గదర్శకాల్లో పెట్టిన 4,000 ఇప్పటికీ అంతే. బడ్జెట్‌కు ముందు ఎమ్మెల్యేకూ ఆర్థిక శాఖకూ విజ్ఞాపన ఇవ్వాలని ఉంది. ముందు ఏది అడగాలి, పెంపా, నెలనెలా జమా? కర్ణాటక, కేరళలలో ఎలా నడుస్తోంది? సంతకాలు కాగితం మీదే తీసుకోవాలా?

శారద_కాజీపేట:
పెంపు సంగతి తర్వాత, ముందు గుమ్మం దాటనివ్వాలి కదా. అక్కా బావా పోయాక పిల్లలిద్దరూ నా దగ్గరే ఉన్నారు. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. కుటుంబ ఆదాయం ఏడాదికి పట్టణంలో 96,000, పల్లెలో 72,000 దాటకూడదట. అంటే పట్నంలో నెలకు 8,000. అద్దె కట్టుకుని బతికే ఏ ఇంట్లో అంత తక్కువ వస్తుంది? ఆదాయ పత్రం కోసం వెళ్తే, "తక్కువ రాయించుకోండి అమ్మా, అందరూ అదే చేస్తారు" అని సలహా. అబద్ధం రాయిస్తే పేదవాళ్ళం, నిజం రాయిస్తే కాదు.

పాతఫైలు:
మిషన్ వాత్సల్యకు ముందున్న ఐసీపీఎస్ పథకం 2009లో వచ్చిన నాటి నుంచి రిటైరయ్యేదాకా ఈ ఫైళ్ళన్నీ నా చేతుల మీదుగా నడిచాయి కాబట్టి చెబుతున్నాను. మీరిద్దరూ మాట్లాడుతున్నది ఫోస్టర్ కేర్ కాదు. బాలల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 44 ఫోస్టర్ కేర్, 45 స్పాన్సర్‌షిప్. అమ్మమ్మ, పిన్ని దగ్గర ఉన్న పిల్లలకు వచ్చేది రెండోది. మొదటిది సీడబ్ల్యూసీ (జిల్లా బాలల సంక్షేమ కమిటీ) ఉత్తర్వుతో పరాయి కుటుంబానికి అప్పగించే పిల్లల కోసం. రెండింటికీ మొత్తం ఒకటే కావడంతో జనం కలిపేస్తారు. ఇక ఆలస్యం అంటారా, ఇందులో కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40. రాష్ట్రం తన వాటా వేయకుండా, లెక్కలు పంపకుండా తరువాతి విడత కదలదు. కింది సిబ్బందిని తిట్టి లాభం లేదు.

శారద_కాజీపేట:
అయ్యా, నేను ఎవరినీ తిట్టలేదు. 44 అయినా 45 అయినా మా పిల్లలు తినేది అన్నమే.

నిప్పురవ్వ:
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. డబ్బు పెంచితే ఎవరు ముందుకు వస్తారు? మా వీధిలో ఒక ఇంట్లో "పెంచుకుంటున్నాం" అని తెచ్చుకున్న పిల్ల తెల్లవారకముందే వాకిలి ఊడుస్తుంది, అంట్లు తోముతుంది. వాళ్ళ సొంత పిల్లలు ఆటో ఎక్కి బడికి వెళ్తారు. 4,000 ఉన్నప్పుడే ఇలా ఉంటే 8,000 చేస్తే పనిపిల్ల ఉచితం, పైగా జీతం ఎదురు.

మల్లెతీగ:
ఆ ఇంటికి సీడబ్ల్యూసీ ఉత్తర్వు ఉందా అని కనుక్కున్నారా? ఉండదు. ఊరి నుంచి తెచ్చుకుని పనిలో పెట్టుకున్న పిల్లను చూసి మమ్మల్ని అంటున్నారు. నేను నిజంగా ఫోస్టర్ తల్లిని. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంటికి వచ్చి విచారించారు, పోలీసు విచారణ జరిగింది, వైద్య పరీక్షలు చేశారు, పక్కింటివాళ్ళను కూడా అడిగి వెళ్ళారు. ఇంత చేసి బ్యాంకుకు వెళ్తే కౌంటరులో అమ్మాయి "మీరు పాపకు ఏమవుతారు?" అంది. ఉత్తర్వు చూపించాను. తిరగేసి మళ్ళీ అదే ప్రశ్న. తల్లిని కాదు, చట్టపరమైన గార్డియన్‌ను కాదు, ఆధార్‌లో నా పేరు లేదు. చివరికి "మేనేజరు గారు సెలవు" అని పంపించింది. పక్క కుర్చీలో పిల్ల కొత్తగా నేర్చుకున్న సంతకం డిపాజిట్ స్లిప్పుల మీద వరుసగా పెడుతూ కూర్చుంది. ఖాతా లేక డబ్బు లేదు. కళ్ళద్దాలు, యూనిఫాం, పంటి డాక్టరు అన్నీ నా జేబులోంచే. జీతం ఎదురా!

నిప్పురవ్వ:
మిమ్మల్ని అనలేదమ్మా. అందరూ మీలా ఉండరని అంటున్నాను.

మల్లెతీగ:
అందరూ మీ వీధివాళ్ళలాగానూ ఉండరు.

పాతఫైలు:
మల్లెతీగ గారూ, పిల్లకు పదేళ్ళు నిండాక తన పేరనే సేవింగ్స్ ఖాతా తెరవవచ్చు, రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. అప్పటివరకు ఎవరి పేరుతో తెరవాలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి బ్యాంకుకు లేఖ రాయించండి. మౌఖికంగా అడిగితే ఏ పనీ జరగదు.

మల్లెతీగ:
రెండేళ్ళు ఆకలి వాయిదా వేసుకోమని పిల్లకు చెబుతాను.

వెంకట్రావు_పాలకొల్లు:
ఒంటరి తల్లుల పిల్లలందరికీ 4,000 ఇస్తున్నారని వాట్సాప్‌లో వచ్చింది. ఫారం ఎక్కడ దొరుకుతుంది?

గోదారిగట్టు:
అందరికీ కాదండీ. తల్లి వితంతువో, భర్త వదిలేసిన మనిషో అయితే అర్హత ఉంటుంది, కానీ ఆదాయ పరిమితి, విచారణ, జిల్లా కమిటీ ఆమోదం అన్నీ ఉంటాయి. ఫారం ఫోటోకాపీలు అమ్మేవాళ్ళకు డబ్బు ఇవ్వకండి.

డల్లాస్_బాబాయి:
టెక్సాస్‌లో మా ఆవిడా నేనూ లైసెన్సు ఉన్న ఫోస్టర్ తల్లిదండ్రులం. ఇక్కడ పిల్లకు మెడికెయిడ్, అంటే సర్కారు వైద్య బీమా, ఉంటుంది, పంటి డాక్టరు కూడా అందులోనే. నెలనెలా తేదీ తప్పకుండా డబ్బు పడుతుంది. అక్కడ కూడా ఇలాగే చేయాలి.

నిప్పురవ్వ:
వచ్చేశారు. అమెరికా వదిలి పాలకొల్లు రండి బాబాయ్.

డల్లాస్_బాబాయి:
పూర్తిగా వినండి. ఇక్కడా తలతిక్క నిబంధనలు ఉన్నాయి. టైటిల్ ఫోర్-ఈ అనే ఫోస్టర్ కేర్ చట్టం కింద ఫెడరల్ (కేంద్ర) డబ్బు రావాలంటే పిల్లను ఏ ఇంటి నుంచి తెచ్చారో ఆ ఇంటి ఆదాయాన్ని ఇప్పటికీ 1996 నాటి సంక్షేమ పథకం కొలమానంతో చూస్తారు. అది దాటితే భారం రాష్ట్రానిదే. లైసెన్సు లేని అమ్మమ్మలకు మాకంటే తక్కువ ఇస్తారు. బంధువులకు వేరే, తేలికైన నిబంధనలు పెట్టుకోవచ్చని ఫెడరల్ ప్రభుత్వం 2023లో రాష్ట్రాలకు వీలిచ్చింది. ఎంతో అడగగా వచ్చింది అది. శారద గారి బాధ ఇక్కడా ఉంది.

శారద_కాజీపేట:
మొత్తానికి నా మాట ఎత్తినవారు ఒకరైనా ఉన్నారు. విజ్ఞాపనలో ఆదాయ పరిమితి మొదట పెట్టండి.

గోదారిగట్టు:
మా బడి పిల్లవాడి అమ్మమ్మకు ఆదాయమే లేదు. ఆవిడకు కావలసింది నెలనెలా జమ. రాష్ట్ర వాటా ఏడాది మొదట్లోనే విడుదల చేయమనడం మొదట రావాలి.

శారద_కాజీపేట:
మీ వాడికి ఆలస్యంగానైనా వస్తోంది సార్. మాకు అసలే లేదు.

మేడమీదగది:
ఇంతసేపూ పెంచేవాళ్ళే మాట్లాడారు. నేను పెరిగినవాడిని. మేనమామ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తిన్న ముద్దకు లెక్క ఉండేది. అత్తయ్య అనేది కాదు, గిన్నె మూత పెట్టే చప్పుడులోనే తెలిసేది. నా పేరున వచ్చిన డబ్బు ఏమైందో ఇప్పటికీ తెలియదు. తర్వాత బాలల హోంలో చేరాను, అక్కడ ప్రశాంతంగా చదువుకున్నాను. కుటుంబమే దేవాలయం అనే మాట అన్ని ఇళ్ళకూ వర్తించదు. ఇప్పుడు ఐటీఐ పూర్తిచేసి లిఫ్టులు బాగుచేస్తున్నాను, సొంతంగా గది తీసుకున్నాను. 18 నిండాక 21 దాకా, అవసరమైతే 23 దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోం వదిలినవాళ్ళకు సాయం, ఉందని హోం నుంచి బయటికి వచ్చాక తోటి కుర్రాడు చెబితే తెలిసింది.

నిప్పురవ్వ:
నేను చెప్పింది ఇదే కదా!

మేడమీదగది:
కాదు. మీరు డబ్బు ఇవ్వవద్దంటున్నారు. మా అత్తయ్యకు డబ్బు ఆగిపోతే నాకు పెట్టే అన్నం కూడా ఆగేది. డబ్బు ఇవ్వాలి, ఇచ్చాక మనిషిని పంపి చూడాలి. నేను మామయ్య ఇంట్లో ఉన్నంతకాలం ఒక్క ఆఫీసరు కూడా నన్ను విడిగా కూర్చోబెట్టి "ఎలా ఉన్నావు" అని అడగలేదు. వచ్చినా హాల్లో టీ తాగి వెళ్ళారు.

పాతఫైలు:
అడగడానికి మనిషి ఏడీ? హోంలలో లేని పిల్లలందరినీ చూడడానికి జిల్లాకు ఒకే ఒక్క పరిరక్షణ అధికారి. కాంట్రాక్టు ఉద్యోగం, ప్రయాణ ఖర్చుల బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియదు. జిల్లా ఆ కొస నుంచి ఈ కొసకు బస్సులో వెళ్ళి ఒక ఇల్లు చూసేసరికి సాయంత్రం అవుతుంది. పిల్లవాడి 4,000 ఒక పద్దు, ఆ పిల్లవాడిని చూసి వచ్చే మనిషి ఖర్చు ఇంకో పద్దు. రెండోదానికి ఎవరూ అర్జీ పెట్టరు. సర్వీసులో ఉండగా నేను రాసిన నోటుఫైళ్ళు ఎక్కడ దుమ్ము తింటున్నాయో.

డల్లాస్_బాబాయి:
ఇక్కడ మా ఇంటికి ప్రతి నెలా కేస్‌వర్కర్ వస్తారు. పిల్లతో విడిగా మాట్లాడతారు.

నిప్పురవ్వ:
ఈసారి మీ అమెరికా మాట ఒప్పుకుంటాను.

మల్లెతీగ:
2024లో కొత్త ఫోస్టర్ మార్గదర్శకాలు వచ్చాయి. పెళ్ళికానివారు, భర్త పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా తమ వయసు 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉంటే పిల్లలను తీసుకోవచ్చు. రెండేళ్ళు సాకాక దత్తత కోరవచ్చు, ఇంతకుముందు అయిదేళ్ళు. ఒంటరి మగవారికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. ఇంత తలుపు తెరిచినవాళ్ళు బ్యాంకులకు ఒక సర్క్యులర్ పంపలేరా? అది కూడా రాయండి.

గోదారిగట్టు:
సరే, ముసాయిదా ఇలా పెడుతున్నాను. రాష్ట్ర 40 పాళ్ళు ఏప్రిల్‌లోనే విడుదల. ఆదాయ పరిమితి పెంపు, బంధువులకు సడలింపు. మండలానికి ఒకరు కాకపోయినా డివిజన్‌కు ఒక అధికారి, ప్రయాణ ఖర్చుతో సహా. ఫోస్టర్ ఖాతాలకు బ్యాంకు ఉత్తర్వు. ధరలతో పాటు పెరిగే మొత్తం.

శారద_కాజీపేట:
ఆదాయ పరిమితి రెండోదా?

పాతఫైలు:
అయిదు అంశాలు ఎక్కువ. పేజీ దాటితే పేషీలో చదవరు. ఆదాయ పరిమితి కేంద్రం పెట్టింది, అది ఢిల్లీకి వేరుగా రాయాలి.

శారద_కాజీపేట:
అయితే ఢిల్లీ కాగితం నేను రాస్తాను. పైన అడ్రసు ఎలా రాయాలో మీరు చెప్పండి, మిగిలింది నాకు తెలుసు.

వెంకట్రావు_పాలకొల్లు:
ఫారం ఎక్కడ దొరుకుతుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

మేడమీదగది:
కలెక్టరేటులో బాలల పరిరక్షణ విభాగం గది ఎక్కడో అడగండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లవాడిని కూడా తీసుకెళ్ళండి అన్నా.