‘పాస్ అవుట్’ అని రాయడం తప్పా? ఆ మాటకు ఉన్న పాత అర్థాలేమిటి?

ప్రశ్న: ఆంగ్ల అధ్యాపకురాలు, తెనాలి

నమస్కారం. నేను పద్దెనిమిదేళ్లుగా జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. మొన్న జవాబు పత్రాలు దిద్దుతుండగా, ఒక విద్యార్థిని తన అన్నయ్యను గురించి రాసిన పేరాలో ‘మై బ్రదర్ పాస్డ్ అవుట్ ఫ్రమ్ ది పాలిటెక్నిక్ ఇన్ 2019’ అనే వాక్యం కనిపించింది. నాకు అందులో తప్పేమీ తోచక ముందుకు వెళ్లాను. అదే పత్రాన్ని తరువాత పరిశీలించిన సహోద్యోగి మాత్రం ఆ రెండు మాటల కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, పక్కన ‘స్పృహ తప్పాడా?’ అని రాసి, అర మార్కు తగ్గించారు.

అర మార్కు కోసం నేను ఈ ప్రశ్న అడగడం లేదు. ఆ అమ్మాయి ఇంట్లోనూ, ఊళ్లోనూ, ఉద్యోగ ప్రకటనల్లోనూ పుట్టినప్పటి నుంచి వింటున్న మాటనే రాసింది. ‘ఏ ఇయర్ పాసవుట్?’ అని మనలో అడగనివాళ్లు లేరు. ఇంతమంది నోట ఇంతకాలంగా నలుగుతున్న ప్రయోగాన్ని తప్పు అని కొట్టివేయాలంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి కదా. చదువు ముగించడం అనే అర్థం మనవాళ్లు కల్పించుకున్నదా, లేక ఇంగ్లీషులో ముందు నుంచీ ఉన్నదేనా? స్పృహ తప్పడం అనే అర్థం ఎప్పుడు వచ్చింది? తెలిసినవారు వివరంగా రాస్తే విద్యార్థులకు కూడా చదివి వినిపిస్తాను.

జవాబు: విశ్రాంత సైనికోద్యోగి, విజయనగరం

అమ్మా, నిఘంటువుల సంగతి నాకన్నా బాగా తెలిసినవారు చెబుతారు. ఆ మాటను జీవితమంతా విన్నవాడిగా నాకు తెలిసింది రాస్తాను. సైన్యంలో ‘పాసింగ్ అవుట్’ అన్నది రోజువారీ మాట. రిక్రూటుగా చేరినవాడు శిక్షణ ముగించి ప్రమాణం చేసే రోజును మేము కసమ్ పరేడ్ అంటాం. అధికారుల అకాడమీల్లో శిక్షణ ముగింపు కవాతును పాసింగ్ అవుట్ పరేడ్ అంటారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో 40 మంది క్యాడెట్లతో మొదలైంది. 1934 డిసెంబరులో బయటికి వచ్చిన ఆ తొలి జట్టులో తరువాతి కాలపు ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా ఉన్నారు. వారెవరూ ఆ రోజున స్పృహ తప్పలేదు.

మా అబ్బాయి కవాతు చూడడానికి నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్లాం. పరేడ్ చివర క్యాడెట్లు నెమ్మది నడకతో చెట్‌వుడ్ భవనం మెట్ల వైపు వస్తారు. ఆ మెట్ల మీద ఒక చోటును ‘అంతిమ్ పగ్’ అంటారు, అంటే చివరి అడుగు. దాన్ని దాటినవాడు క్యాడెట్‌గా మిగలడు, అధికారి అవుతాడు. ఆ తరువాత భుజాల మీది నక్షత్రాలకు కప్పి ఉంచిన గుడ్డను తల్లిదండ్రులే తొలగిస్తారు. మా ఇంటావిడ చేతులు వణికి ఆ గుడ్డ ముడి పడిపోతే, మావాడు భుజం కొంచెం వంచి నిలబడ్డాడు. పక్కన నిలబడిన పంజాబీ తల్లి కూడా అదే అవస్థలో ఉంది. ఆ అడుగును కళ్లారా చూసినవారికి ‘పాస్ అవుట్’ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు: ఒక గడప దాటి అవతలికి నడవడం.

జవాబు: నిఘంటువుల పాఠకుడు, హైదరాబాదు

సైనికోద్యోగి గారు అనుకోకుండానే మాట మూలాన్ని పట్టుకున్నారు. ‘పాస్’ అనే ఇంగ్లీషు క్రియ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్‌లోని ‘పాసుస్’, అంటే అడుగు. అడుగు వేసి ముందుకు పోవడం, దాటడం అన్నదే మొదటి అర్థం. మిగిలినవన్నీ దాని కొమ్మలు. నది దాటినా, ఊరు దాటినా, కాలం గడిచినా, పరీక్ష గట్టెక్కినా, మనిషి లోకం విడిచినా అదే క్రియ సరిపోయింది. దానికి ‘అవుట్’ చేరినప్పుడు కూడా మొదట్లో వచ్చిన అర్థం సాదాసీదాది: ఒక చోటి లోపలి నుంచి బయటికి పోవడం. కోట వాకిలి నుంచి సైనికులు ‘పాస్ అవుట్’ అయ్యారంటే బయటికి వెళ్లారనే.

ఇక్కడి నుంచి దారులు చీలాయి. మొదటి దారి చదువుది. సైనిక, నావిక విద్యాలయాల్లో చివరి పరీక్ష నెగ్గి, అర్హత పొంది, బయటికి రావడాన్ని పంతొమ్మిదవ శతాబ్దపు బ్రిటిష్ ఇంగ్లీషు ఈ మాటతోనే చెప్పింది. లండన్ దగ్గర వూలిచ్‌లో 1741లో మొదలైన రాయల్ మిలిటరీ అకాడమీ గురించి రాసేవారు, ఫలానా అధికారి అక్కడి నుంచి మొదటి స్థానంలో పాస్ అవుట్ అయ్యాడనో, అయిదో స్థానంలో అయ్యాడనో రాసేవారు. ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. పరీక్షలో నెగ్గడం ఒకటి, ఆవరణ విడిచి బయటికి నడవడం ఇంకొకటి. ఒక పేపరు నెగ్గితే అది ‘పాస్’ మాత్రమే. సంస్థతో లెక్క తీరిపోయి బయటికి వస్తేనే ‘పాస్ అవుట్’. మనవాళ్లు ఈనాటికీ ఈ తేడాను ఖచ్చితంగా పాటిస్తున్నారు. ‘మ్యాథ్స్ పాసయ్యాను’ అంటారే గాని ‘మ్యాథ్స్ పాసవుట్ అయ్యాను’ అని ఎవరూ అనరు. ఆధునిక బ్రిటిష్ నిఘంటువుల్లో ఈ అర్థం ఇప్పటికీ ఉంది, కాకపోతే సైనిక, పోలీసు శిక్షణలకు పరిమితమై ఉంది. మనం దాన్ని బడులకూ, కళాశాలలకూ, ఐటీఐలకూ విస్తరించాం. కాబట్టి మన ప్రయోగం పుట్టుక ఇంగ్లండులోనే, విస్తరణ మాత్రం మనది.

రెండవ దారి మరణానిది. ‘పాస్ అవే’ అంటే గతించడం అన్నది చాలా పాత ప్రయోగం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, మత్తయి సువార్త 24వ అధ్యాయం 35వ వచనంలో, ఆకాశమూ భూమీ గతించునన్న చోట వాడినది ఆ మాటే. ‘ఈ జీవితం నుంచి పాస్ అవుట్ కావడం’ అన్న పలుకుబడి కూడా దానికి తోడుగా నడిచింది. పంతొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి, వెనక ఏ చేర్పూ లేకుండా, ఒట్టి ‘పాస్ అవుట్’ అన్నా చనిపోవడం అనే అర్థం వచ్చింది. ఆ అర్థమే పలచబడి, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి, చావు కాకుండా చావు వంటి స్థితికి, అంటే స్పృహ కోల్పోవడానికి వాడుక అయింది. అతిగా తాగి ఒళ్లు తెలియకుండా పడిపోవడానికి కూడా త్వరలోనే వర్తించింది. అంటే మీ సహోద్యోగి అసలు అర్థమని భావిస్తున్నది వయసులో చిన్నది. ఆయన తప్పనుకుంటున్నది దానికన్నా పెద్దది.

ఇంకా కొన్ని ఉన్నాయి. కాగితాలో మిఠాయిలో అందరికీ పంచడం అమెరికాలో బాగా వాడుకలో ఉన్న అర్థం. బ్రిడ్జి అనే పేకాటలో నలుగురూ వేలం పాడకుండా వదిలేస్తే ఆ పంపకం పాస్ అవుట్ అయిందంటారు. నాటకశాలల్లో, విరామంలో బయటికి వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే చీటీకి కూడా అదే పేరు ఉండేది.

జవాబు: డల్లాస్‌లో ఉంటున్న తెలుగువాడు

చరిత్ర పై గౌరవనీయులు చెప్పినట్లే ఉండవచ్చు. నేను కాదనను. కాని మీ సహోద్యోగి భయం కూడా ఊరికే పుట్టలేదని చెప్పడానికి మా ఇంట్లో జరిగినది రాస్తున్నాను.

మా అమ్మ ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ పొందారు. మూడేళ్ల కిందట నా దగ్గరికి వచ్చినప్పుడు కాళ్ల వాపు ఉంటే ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లాను. నేను కారు నిలిపి వచ్చేలోగా అమ్మను లోపలికి పిలిచారు. డాక్టరు ప్రశ్నల జాబితాలో ‘మీరు ఎప్పుడైనా పాస్ అవుట్ అయ్యారా?’ అన్నది ఒకటి. అమ్మ బీఎడ్ గుర్తుకు తెచ్చుకుని, ‘అయ్యాను, 1978లో’ అన్నారు. నేను గదిలోకి అడుగుపెట్టేసరికి డాక్టరు ముందుకు వంగి, అప్పుడు తలకు దెబ్బ తగిలిందా, ఎంతసేపటికి తెలివి వచ్చింది, ఆ తరువాత మళ్లీ జరిగిందా అని ఎంతో శ్రద్ధగా అడుగుతున్నారు. అమ్మ నా వంక చూసి, ‘ఏమిట్రా నాన్నా, నా చదువు సంగతి ఇంత దిగులుగా అడుగుతున్నారు?’ అన్నారు. నేను వివరించాక డాక్టరు కంప్యూటరులో రాసుకున్నదంతా తుడిచివేశారు. నేను రావడం పావుగంట ఆలస్యమై ఉంటే, లేని మూర్ఛ ఒకటి మా అమ్మ వైద్య చరిత్రలో శాశ్వతంగా ఉండిపోయేది.

మా అమ్మాయి బడి నుంచి వచ్చే చీటీల్లో మాత్రం ‘నీళ్ల సీసాలు పాస్ అవుట్ చేయడానికి తల్లిదండ్రులు రావలెను’ అని ఉంటుంది. అందుచేత మేడం గారూ, మీ విద్యార్థినికి మార్కు తగ్గించవద్దు. కాని సముద్రం అవతల ఆ మాట వేరే తలుపు తెరుస్తుందని మాత్రం తప్పకుండా చెప్పండి.

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

ఇది ఇంగ్లీషు చర్చే అయినా, మన భాషలో ఈ ప్రయోగం ఇంత సులువుగా ఎందుకు ఇమిడిపోయిందో చెప్పవలసిన అవసరం ఉందనిపించి రాస్తున్నాను. మనం పరీక్ష నెగ్గినవాణ్ణి ‘ఉత్తీర్ణుడు’ అంటాం. ‘తౄ’ ధాతువుకు దాటడమని అర్థం. రేవుకు ‘తీర్థం’ అన్న పేరూ, పైనుంచి దిగి రావడానికి ‘అవతారం’ అన్న పేరూ ఆ ధాతువు నుంచి వచ్చినవే. దాని ముందు ‘ఉత్’ చేరితే నీటిని దాటి పైకి, బయటికి వచ్చినవాడని అర్థం. అచ్చ తెలుగులో ఇదే ‘గట్టెక్కాడు’. అంటే ‘పాస్ అవుట్’ అన్న మాటను విడదీసి ఏ భాగానికి ఆ భాగం సంస్కృతంలో పెడితే ‘ఉత్తీర్ణ’కు చాలా దగ్గరగా వస్తుంది. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి రాసుకోలేదు. చదువును ఒక ఏరుగా, పట్టాను అవతలి ఒడ్డుగా చూడడం రెండు చోట్లా వేర్వేరుగా జరిగింది.

మరణం దారి కూడా అంతే. ‘కాలం గతించింది’ అంటాం, ‘ఆయన గతించారు’ అంటాం. ‘పోవు’ అన్న క్రియ నడకకూ, చావుకూ, స్పృహకూ మూడింటికీ పనికి వస్తుంది: ఊరికి పోయాడు, మనిషి పోయాడు, తెలివి పోయింది. పాఠకుడు గారు చెప్పిన అర్థ పరిణామం మొత్తం మన ‘పోవు’లో ఏనాటి నుంచో ఉంది.

మా ఊరివాడిగా ఇంకొక్క మాట. ఈస్ట్ ఇండియా కంపెనీ తన సైనిక ఇంజనీర్ల కోసం లండన్ దగ్గర అడిస్కోంబ్‌లో 1809 నుంచి 1861 వరకు ఒక విద్యాలయం నడిపింది. అక్కడ చదువు ముగించి మద్రాసు ఇంజనీర్ల దళంలోకి వచ్చినవారిలో ఆర్థర్ కాటన్ ఒకరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఈ మాట తిరిగిన ఆవరణల నుంచే అటువంటివారు మన జిల్లాలకు వచ్చారు. అధికారుల భాష కచేరీలకూ, బడులకూ పాకడం సహజమే కదా.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ నమస్కారాలు. ఇంత లోతుగా రాస్తారని అనుకోలేదు. డల్లాస్ సోదరుడి అమ్మగారి సంగతి చదివి కొంచెంసేపు ఆగిపోయాను. రేపు తరగతిలో మొదట అదే చెబుతాను. ఈ జవాబులన్నీ మా సహోద్యోగికి చూపించాను. ఆయన శ్రద్ధగా చదివి, చరిత్ర ఒప్పుకుంటూనే, ‘గ్రాడ్యుయేటెడ్ అని రాస్తే ఈ గొడవే ఉండదు కదా’ అన్నారు. దానికి నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఇంకొకటి, ఆ మాట తరువాత ‘ఫ్రమ్’ రాయాలా, ‘ఆఫ్’ రాయాలా?

జవాబు: నిఘంటువుల పాఠకుడు, హైదరాబాదు

మేడం గారూ, అమెరికా ఇంగ్లీషులో బడి ముగించినవారు కూడా గ్రాడ్యుయేట్ అవుతారు. మనకు వచ్చిన బ్రిటిష్ సంప్రదాయంలో మాత్రం ఆ మాట విశ్వవిద్యాలయ పట్టాకే చెందింది. మన నేలమీద అది ఎంత గట్టిగా పాతుకుపోయిందో శాసనమండలి ఎన్నికలే చెబుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు నమోదు చేసుకునేటప్పుడు మొదట చూసేది డిగ్రీ పట్టానే. మీ విద్యార్థిని అన్నయ్య చదివినది పాలిటెక్నిక్, అంటే డిప్లొమా. ‘నా సోదరుడు 2019లో గ్రాడ్యుయేట్ అయ్యాడు’ అని ఆమె రాసి ఉంటే, ఇక్కడి పాఠకుడు అతనికి లేని డిగ్రీని ఉన్నట్లు అర్థం చేసుకునేవాడు. పదో తరగతి, ఇంటర్, ఐటీఐ, డిప్లొమా వంటి చదువులు ముగించి బయటికి రావడాన్ని ఒక్క మాటలో చెప్పే సాధనం ఆ సంప్రదాయంలో ఇంకొకటి లేకపోవడమే ‘పాస్ అవుట్’ మన దగ్గర ఇంతగా స్థిరపడడానికి బలమైన కారణమని నేను అనుకుంటున్నాను. విదేశీ పాఠకుల కోసం రాసేటప్పుడు ‘డిప్లొమా పూర్తి చేశాడు’ అన్న అర్థం వచ్చే ‘కంప్లీటెడ్ హిజ్ డిప్లొమా’ అని రాయించండి. అందులో ఎవరికీ సందేహం ఉండదు.

‘ఆఫ్’, ‘ఫ్రమ్’ విషయానికి వస్తే, పాత సైనిక రచనల్లో ‘పాస్డ్ అవుట్ ఆఫ్’ అన్నది బాగా కనిపిస్తుంది. మన వాడుకలో ‘ఫ్రమ్’ ఎక్కువ. రెండూ బయటికి రావడాన్నే చెబుతాయి గనుక ఆ అమ్మాయి రాసిన ‘ఫ్రమ్’ కింద కూడా గీత అవసరం లేదు.