సారా మీద పోరుకు చదివించిన కథ కూడా ప్రచారమేనా?

కావలి మాస్టారు:
ప్రచారపు ఎత్తుగడలను పసిగట్టడం ఎలాగో మా తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. ఎన్నికల ముందు హోటల్లో దోసెలు పోసి, బట్టలు ఇస్త్రీ చేసి ఫోటోలు దిగే అభ్యర్థి ‘నేనూ మీలో ఒకణ్ణే’ అని నమ్మిస్తాడు. ‘గాలి మావైపే వీస్తోంది’ అని మైకుల్లో ఊదరగొట్టడం పదిమందితో పాటు పోదామనుకునేవారికి వేసే గాలం. దాని బలం చట్టానికీ తెలుసు. అందుకే పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు చెప్పకూడదు. 1937లో అమెరికాలో ఏర్పడిన ప్రచార విశ్లేషణ సంస్థ ఇలాంటివి ఏడింటికి పేర్లు పెట్టింది. ఇంతవరకు పేచీ లేదు. కానీ మా సహోపాధ్యాయుడొకరు, సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీసిన సీతమ్మ కథను కూడా ఈ జాబితాలో చేర్చి చెప్పమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ఉదయగిరి పాఠకుడు:
చేర్చాల్సిందే మాస్టారూ. అక్షరాస్యతా వాచకంలో ఒక సీతమ్మ, ఆమె కష్టాలు, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించడం. చదివేవాళ్ల గుండె కరిగించి ఒక పనికి పురికొల్పడానికే రాసిన కథ అది. ఫలితం మంచిదైందని పద్ధతికి వేరే పేరు పెడతామా? 1990 అక్టోబరులో అమెరికా చట్టసభ సభ్యుల ముందు పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి, ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డలను తీసి నేల మీద పడేశారని ఏడుస్తూ చెప్పింది. ఇరాక్ మీద యుద్ధం కోరినవాళ్లు ఆ మాటనే పదే పదే వాడుకున్నారు. అక్కడా ఇక్కడా పనిముట్టు ఒకటే.

కలిగిరి కోడలు:
ఉదయగిరి అన్నగారూ, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఆ అమ్మాయి పేరు నయీరా అని మాత్రమే చెప్పారు. అమెరికాలో కువైట్ రాయబారి కూతురని దాచారు. ఆ సాక్ష్యం వెనుక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉంది. అసలు సంగతి 1992 జనవరిలో బయటపడింది. అప్పటికి యుద్ధం ముగిసి నెలలు గడిచాయి. ఆమె చెప్పినదానికి తర్వాత విచారించినవాళ్లకు ఆధారమూ దొరకలేదు.

ఇక మా మండలంలోని దూబగుంటలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లకు అందులో తెలియని కష్టం ఏముంది? మగవాడి కూలి డబ్బు అంగట్లో పోవడం, అడిగితే దెబ్బలు, పొయ్యిలో పిల్లి లేవకపోవడం వాళ్ల ఇళ్లలో ఉన్నవే. నిజమో కాదో తేల్చుకోవడానికి ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, సారా ప్యాకెట్టు గడప లోపలే ఉంది. కలిసికట్టుగా పోతే అంగడి మూయించవచ్చన్న ఆలోచన ఒక్కటే కొత్త. అదీ చేసి చూసుకున్నారు. ఆ గెలుపును తర్వాతి వాచకంలో పాఠంగా పెట్టారు. అనుమానం ఉన్నవాళ్లు బస్సెక్కి దూబగుంట వచ్చి, ఆ పోరును ముందుండి నడిపిన రోశమ్మనే అడగగలిగేవాళ్లు, 2016లో ఆమె కన్నుమూసేదాకా. పైగా వాచకం అచ్చువేసిన ప్రభుత్వమే సారా వేలంపాటలతో ఖజానా నింపుకునేది. నెల్లూరులో ఆడవాళ్లు ఆ పాటలనే జరగనివ్వలేదు. తన రాబడికే గండికొట్టే పాఠాన్ని ఏ ప్రచారకుడు కోరి రాయించుకుంటాడు?

ఒంగోలు పొగాకు రైతు:
వేలం కేంద్రానికి బేళ్లు తోలేవాణ్ణి కాబట్టి నా సరుకు సంగతే చెబుతాను. 1929 ఈస్టర్ నాడు న్యూయార్క్ ఊరేగింపులో కొందరు యువతులు నడివీధిలో సిగరెట్లు వెలిగించారు. వాటికి ‘స్వేచ్ఛా కాగడాలు’ అని పేరు. వాళ్లను కుదిర్చినవాడు ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్, ఆయనకు డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. ఆడవాళ్ల హక్కుకున్న గౌరవాన్ని తీసుకెళ్లి సిగరెట్టుకు అంటగట్టారు. ఈనాటికీ టీవీలో మద్యం ప్రకటనలు కూడదంటే, అదే పేరుతో సోడా ప్రకటన వస్తుంది. సోడా ఎలా ఉంటుందో చెప్పరు, స్నేహితులనూ దర్జానూ చూపిస్తారు. డబ్బు ఎవరిది, ఆ సంగతి పైకి చెప్పారా? పిల్లలకు ముందు ఇది అడగడం నేర్పండి మాస్టారూ.

ఉదయగిరి పాఠకుడు:
అది గట్టి గీటురాయే, కాదనను. కానీ చాలదు. ఏదీ దాచకుండా కూడా సగమే చెప్పవచ్చు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. రాబడి ఎక్కడి నుంచి పూడుస్తారు, దొంగసారాను ఎవరు ఆపుతారు అన్న ప్రశ్నలు గెలుపు కథల్లో కనిపించవు.

కలిగిరి కోడలు:
అక్షరాలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్నవాళ్లకు రాసిన పాఠంలో ఖజానా లెక్కలు వెతుకుతారా? ఆ లెక్క చెప్పాల్సినవాళ్లు నిషేధం పేరుతో ఓట్లడిగినవాళ్లు. సగం చెప్పి సగం మింగడానికి ఉదాహరణ కావాలంటే ఆ ప్రసంగాల్లో వెతకండి. మాస్టారూ, సీతమ్మ కథనూ నయీరా సాక్ష్యాన్నీ పక్కపక్కన పెట్టి పిల్లల చేతికివ్వండి. ముందుగా ఏ పేరూ తగిలించకండి, వాళ్లనే వాదించుకోనివ్వండి.