ఫంగస్ వల్ల మెదడు సిరల్లో గడ్డ: హెపారిన్ ఇవ్వాలా?

ప్రశ్న: మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) ముక్కు సైనస్‌ల నుంచి కళ్ల వెనక పుర్రెలో ఉండే పెద్ద సిర కావెర్నస్ సైనస్‌కి పాకి రక్తం గడ్డకట్టింది. ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ నడుస్తోంది. ఎనోక్సాపారిన్ (గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ రకం ఇంజెక్షన్) మొదలుపెట్టొచ్చా?

జవాబు 1: ముందు సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) చూడండి. మ్యూకర్ రక్తనాళం గోడనే తొలిచేస్తుంది. మెదడుకి రక్తం మోసే కెరోటిడ్ ధమని‌ గోడ ఉబ్బినా, మెదడులో రక్తస్రావం ఉన్నా హెపారిన్ జోలికి పోకపోవడమే మేలు. అవేవీ లేక, గడ్డ పాకుతుంటే ఇవ్వొచ్చు. అసలు వైద్యం మాత్రం చచ్చిన కణజాలం తీసేయడం, లైపోసోమల్ యాంఫోటెరిసిన్ రోజుకు కిలోకు 5–10 మి.గ్రా., షుగర్ అదుపు.

జవాబు 2: కిడ్నీలు మర్చిపోవద్దు! యాంఫోటెరిసిన్‌తో అవి దెబ్బతింటే ఎనోక్సాపారిన్ ఒంట్లో పేరుకుంటుంది. కిలోకు 1 మి.గ్రా. 12 గంటలకోసారి, క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల వడపోత వేగం) నిమిషానికి 30 మి.లీ. కన్నా తగ్గితే రోజుకొక్కసారే. మళ్లీ సర్జరీ ఉంటే మామూలు హెపారిన్ డ్రిప్పే నయం, 4–6 గంటల ముందు ఆపితే చాలు. ఎనోక్సాపారిన్‌కి 24 గంటలు.

జవాబు 3: మరో ఫంగస్ మందు పోసకొనజోల్‌కి మారాక రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు అపిక్సాబాన్, రివరాక్సాబాన్ జోడించొద్దు, రక్తంలో వాటి స్థాయి పెరిగిపోతుంది.