నర్సరీ సంచుల్లో మట్టి నింపడానికి 9,000 కట్టాలా?

వర్తూరు నాన్న:
మొన్న జూలైలో మా అమ్మాయిని తీసుకుని శివమొగ్గ జిల్లా ఆగుంబె అడవి వైపు మూడు రోజుల వాలంటీర్ ట్రిప్‌కి వెళ్ళొచ్చాను. దానికి పదేళ్ళు. తలకి 9,000 రూపాయలు. భోజనం, పడక, జలగలు పట్టకుండా వేసుకునే లీచ్ సాక్స్ వాళ్ళవే. పనేమిటంటే నర్సరీ సంచుల్లో మట్టి నింపడం, అడవి అంచున లంటానా అనే కలుపు పొదలు పీకడం, దారి పక్కన రాలిన గింజలు ఏరడం. బెంగళూరులో ఏడేళ్ళకి పడే వాన అక్కడ ఏడాదిలో పడుతుంది, ఆరిన బట్టన్నది చూడలేదు. అయినా పిల్లకి తెగ నచ్చింది. జలగ పట్టిందని ఏడవలేదు సరికదా, లెక్క రాసుకుంది. మొత్తం 23.

రెండో రోజు రాత్రి మంచినీళ్ళ కోసం కిందికి దిగాను. నర్సరీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు లైటు వేసుకుని, పగలంతా మా పిల్లలు నింపిన సంచుల్ని కుమ్మరించి మళ్ళీ నింపుతున్నారు. వదులుగా నింపితే నీళ్ళు పోయగానే మట్టి దిగిపోయి సంచి కూలబడుతుందట. నాకొచ్చిన అరకొర కన్నడలో ఏదో అనబోతే నవ్వి, "మక్కళల్వా, బిడి సార్" అన్నారు. పిల్లలు కదా, వదిలేయండి అని.

అప్పటినుంచీ మనసు మనసులో లేదు. వాళ్ళకి రాత్రి డ్యూటీ పెట్టి మేం ఫోటోలు దిగి వచ్చామా? దీన్ని సేవ అనొచ్చా? దసరా సెలవుల్లో మళ్ళీ వెళ్దామని పిల్ల ఒకటే పోరు. అడవి పని తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

జాజికాయ:
మొహమాటం లేకుండానే చెబుతాను. పశ్చిమ కనుమల్లో నాలుగేళ్ళు ఈ మొక్కల పనే చేశాను. వానలడవి చెట్లలో చాలావాటి గింజలు మన పనస గింజలాంటివే, తడి ఆరితే చచ్చిపోతాయి. డబ్బాలో దాచి వచ్చే ఏడు వేద్దామంటే కుదరదు. రాలగానే ఏరాలి, ఏడాదో రెండేళ్ళో నర్సరీలో పెంచాలి, వానలు మొదలవగానే నాటాలి, ఆ తర్వాత కొన్నేళ్ళు కలుపు తీస్తూ ఉండాలి. తమిళనాడు వాల్పారైలో టీ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో ఈ పని 20 ఏళ్ళకు పైగా నడుస్తోంది. మూడు రోజులకి వచ్చిన మనిషి ఇందులో ఎక్కడ పనికొస్తాడు? గింజలు ఏరడానికి. పిల్లలైతే మాకన్నా బాగా ఏరతారు, ఇది మెచ్చుకోలుకి అనడం లేదు.

లంటానా మాత్రం వద్దండి. పైపైన పీకితే వేరు మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. మట్టి తవ్వి, వేరు మొదలుకి కింద నరికి, దుబ్బుని తలకిందులుగా పెట్టాలి. పదేళ్ళ పిల్ల చేతికి గునపం ఇస్తారా?

ఇక 9,000. అందులోంచే ఆ ఇద్దరి కూలీ వస్తుంటే మీ పిల్ల పాడుచేసిన సంచులకి మీరే డబ్బు కట్టినట్టు, తప్పేం లేదు. రాకపోతే తప్పే. అడిగారా?

పుత్తూరు అక్క:
సేవ సంగతి తర్వాత. ఆ జిల్లాకి పిల్లని తీసుకెళ్తుంటే మంగన కాయిలె గురించి ఎవరైనా చెప్పారా? కోతి జ్వరం. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలోనే బయటపడింది. పిడుదులు కుడితే వస్తుంది, చచ్చిన కోతి ఉన్న చోట ఇంకా ప్రమాదం. డిసెంబరు నుంచి మే దాకా దాని సీజన్. మన స్కూళ్ళకి క్రిస్మస్, ఎండాకాలం సెలవులు సరిగ్గా అప్పుడే!

వర్తూరు నాన్న:
లేదక్కా, ఒక్క ముక్క చెప్పలేదు. జలగల గురించి గంట చెప్పారు. రాచనాగు గురించి ఇంకో గంట. పశ్చిమ కనుమల్లోది వేరే జాతి అని 2024లో తేల్చి కాళింగ పేరే పెట్టారట, అది పిల్ల అపార్ట్‌మెంట్ అంతా చాటుతోంది. పిడుదుల ఊసే లేదు.

కమ్మనహళ్ళి కుర్రాడు:
అన్నా, కోపం తెచ్చుకోకు. మాది రాజంపేట దగ్గర, శేషాచలం కొండ కింద ఊరు. చిన్నప్పుడు మేకల వెంట కొండెక్కేవాళ్ళం, గింజలూ కాయలూ ఏరేవాళ్ళం. మమ్మల్ని వాలంటీర్ అన్నవాడు లేడు, గార్డు కనబడితే పరుగే. అదే పనికి మీరు డబ్బు కడితే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. అంత సేవ చేయాలనుంటే ఇంటి పక్కనే వర్తూరు చెరువుంది, వెళ్ళి గుర్రపుడెక్క తీయండి. 350 కిలోమీటర్ల పెట్రోలు మిగులుతుంది.

జాజికాయ:
రాజంపేట మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. చెరువు మాట ఒప్పుకోను. మురుగు రావడం ఆగకుండా గుర్రపుడెక్క తీయడమూ, పైపైన లంటానా పీకడమూ ఒకటే.

వర్తూరు నాన్న:
తమ్ముడూ, కోపం లేదు, కాస్త సిగ్గుంది.

నిర్వాహకులకి ఫోన్ చేసి అడిగాను. కూలీ వివరాలు బయటివాళ్ళకి చెప్పే పద్ధతి లేదన్నారు. కాబట్టి వాళ్ళతో మళ్ళీ వెళ్ళను. నిన్న రాత్రి పిల్లకి సంచుల సంగతి చెప్పేశాను. మా ఆవిడ వద్దంది, నేనే ఆగలేకపోయాను. ఏడుస్తుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "మరి ఆ ఆంటీలు మాకు పగలే ఎందుకు నేర్పలేదు?" అంది. వాళ్ళని మా దగ్గర నిలబెట్టనే లేదు కదా! మైకు పట్టుకుని నేర్పినాయన ఒక్క సంచీ నింపి చూపలేదు.

జాజికాయ గారూ, సంచి ఎలా నింపాలో చెబుతారా? పిల్ల అడుగుతోంది.

జాజికాయ:
మట్టి కొంచెం చెమ్మగా ఉండాలి, ముద్ద కాకూడదు. ముందు అడుగున మూలలు వేళ్ళతో నొక్కి నింపాలి, లేకపోతే సంచి నిలబడదు. సగం నిండాక నేలకి రెండుసార్లు తట్టాలి. మళ్ళీ నింపి, మళ్ళీ తట్టాలి. నీళ్ళకని పైన బొటనవేలు మందాన ఖాళీ ఉంచాలి. చెయ్యి వదిలాక ఒరగకుండా నిలబడితే సరిగ్గా వచ్చినట్టు. పనసపండు ఇంకా దొరుకుతుంటే ఆ గింజతోనే మొదలుపెట్టమనండి. తిన్న రోజే పెట్టాలి.