ఖాళీ బిజినెస్ సీటులో కూర్చోవడం తప్పా?

ప్రశ్న: విమానం తలుపులు మూసేశాక కూడా బిజినెస్ క్లాసులో సీట్లు మిగిలి ఉంటే, ఎకానమీ టికెట్‌తో వచ్చినవారు వెళ్లి కూర్చోవడం తప్పవుతుందా? దానివల్ల ఎవరికీ నష్టం లేదు కదా!

జవాబు: తప్పేనండి. పక్క సీటుకు పూర్తి ధర చెల్లించిన వ్యక్తి కళ్లెదుటే మనం కాళ్లు చాపుకుని కూర్చుంటే, నష్టం లేదన్న వాదన ఆయన ముందు నిలవదు.

జవాబు: న్యాయాన్యాయాల మాట అటుంచితే, ప్రయాణికులు ఏ భాగంలో ఎందరున్నారన్నది కూడా చూసుకునే విమానం బరువు, సమతుల్యతలను లెక్కగడతారు కాబట్టి, టేకాఫ్‌కు ముందు, ముఖ్యంగా చిన్న విమానాల్లో, చెప్పకుండా సీటు మారడం భద్రతకు సంబంధించిన విషయం.

జవాబు: అడగకుండా వెళ్లి కూర్చోవడాన్ని నేనూ సమర్థించను. అయితే నడుము పట్టేసి అవస్థ పడుతున్న వృద్ధురాలిని సిబ్బందే ముందుకు పిలిచి కూర్చోబెడితే, అది వారి విచక్షణ. డబ్బు కట్టామన్న కారణంతో దాన్ని ఆక్షేపించే హక్కు తోటి ప్రయాణికులకు లేదని నా దృఢాభిప్రాయం.