ఆరుకాళ్ల రోబోతో గీత సరే, కోత ఒప్పుకోవచ్చా?

పర్లాకిమిడి గుంటడు:
అన్నలూ, మాస్టార్లూ, నాకొక మాట తేల్చి చెప్పండి. ఎనిమిది నెలలు కూర్చుని ఇంట్లోనే ఆరుకాళ్ల రోబో చేశాను. కాలికి మూడు చొప్పున 18 ఎంజీ996ఆర్ సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి), వాటికి సిగ్నళ్లు పంచే రెండు పీసీఏ9685 బోర్డులు, అన్నిటినీ నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో ఒకటి. కాళ్లు అల్యూమినియం పట్టీలు, మడమలకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు. పొట్ట కింద స్కెచ్ పెన్ను కట్టి గచ్చు మీద డ్రాయింగు షీటు పరిస్తే మెలికల ముగ్గు వేసింది. అమ్మ వంగి చూసి "ఇక్కడ కలవలేదురా" అంది. నిజమే, గీత మొదలైన చోటికి తిరిగి వచ్చేసరికి 4 మి.మీ. ఎడం.

ఇప్పుడు పెన్ను తీసేసి వేడి సూది పెట్టి, దసరా మండపానికి తెలుగు, ఒడియా అక్షరాలు థర్మాకోల్‌లో కోయిద్దామని ఉంది. ఇక్కడ కొందరు కానియ్యమంటున్నారు, కొందరు నడిచేదానికి కత్తి ఇవ్వొద్దంటున్నారు. మీరేమంటారు?

బరంపురం ఫిట్టర్:
తమ్ముడూ, గీతకి నేను సరే. కోతకి మాత్రం ఒప్పుకోను. ఎందుకో లెక్క వేసి చెప్తాను.

మోటారు ఒక్కోటి 55 గ్రాములు, 18 కలిపి అవే కిలో. బ్యాటరీ, పట్టీలు కలిపి 2 కిలోలనుకో. నడిచేటప్పుడు మూడు కాళ్లు గాల్లో, మూడు నేల మీద. అంటే కాలికి 650 గ్రాముల పైమాటే. కీలు నుంచి మడమ 12 సెం.మీ. దూరంలో ఉంటే ఆ కీలు మీద 8 కిలో-సెంటీమీటర్ల (బరువుని దూరంతో గుణిస్తే వచ్చే) తిప్పుడు భారం. ఆ మోటారు 4.8 వోల్టుల దగ్గర 9.4 భారం పడితే చాలు, తిరగలేక ఆగిపోతుంది. ఊపిరాడని పని చేయిస్తున్నావు దానిచేత. దాని పైన కోత లాగే బలం కూడానా?

ఇంకొకటి. కోణం చెప్పే సిగ్నల్ నిడివిలో 5 మైక్రోసెకన్ల లోపు తేడా వస్తే ఆ సర్వో కదలదు. కోణంలో అది ఇంచుమించు అర డిగ్రీ, 12 సెం.మీ. చివర 1 మి.మీ. పళ్ల చక్రాల లూజు దీనికి అదనం. పెన్ను కాగితం మీద జారిపోతుంది కాబట్టి సర్దుకుంటావు. కోతలో సరుకు ఎదురు తోస్తుంది, లూజు ఎటుంటే కాలు అటు పోతుంది. నీ ఊళ్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చెక్కే కొమ్ముపనివాళ్లని చూడు. కొమ్మునైనా బిగించి పెడతారు, చేతినైనా ఆనించి పెడతారు. రెండూ ఊగుతుంటే ఎవడూ చెక్కలేడు.

రాయగడ టీచరమ్మ:
ఫిట్టరు గారి లెక్కకి నేను అడ్డు చెప్పను. కానీ ఆ ఎడం చూడగానే పిల్లాడికి సర్వో గురించి ఎంత తెలిసిందో చూడండి. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష పుట్టింది, తర్వాత దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్ బృందం నేల మీద తిరిగే తాబేలు రోబోకి పెన్ను కట్టి పిల్లలకి జ్యామితి నేర్పింది. అక్కడా పని గీతే. మా ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఇది ఒక్క చతురస్రం గీసినా బోర్డు మీద నేను చెప్పే గంట పాఠం కన్నా మేలు. కోత జోలికి వెళ్లకు బాబూ.

బరంపురం ఫిట్టర్:
ఆ తాబేలుకి చక్రాలండీ టీచరమ్మా, కాళ్లు కావు. చక్రం నేలని వదలదు. కాలు అడుగడుగునా వదిలి మళ్లీ పట్టుకుంటుంది, ప్రతిసారీ కాస్త జారుతుంది.

గుణుపురం మండపాలు:
ఏటి తమ్ముడూ, అక్షరాలు కొయ్యడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. కరెంటుతో వేడెక్కే నిక్రోమ్ తీగ బిగించిన విల్లుంది, చెయ్యి తిరిగిన పని. తలుపులు తీసుకుని కూర్చుంటాను, ఆ పొగ పీల్చకూడదు. నాకు కష్టమల్లా ముందు గీసుకోవడమే. మూడడుగుల 'శ్రీ' షీటు మీద వంకర లేకుండా రావాలంటే సగం రోజు పోతాది. ఒడియా అక్షరాల తలమీది గుండ్రం మరీ పేచీ. నీ రోబో గీసి ఇస్తే నేను కోసుకుంటాను.

పర్లాకిమిడి గుంటడు:
అన్నా, ఫిట్టర్ అన్న మాట విన్నాక రెండు పనులు చేశాను.

ఒకటి, నడుస్తూ గీయడం మానేశాను. ఆరు మడమలూ నేలకి ఆనించి ఉంచి, ఒళ్లు మాత్రమే కదిలించాను. భారం సగమైంది. అరచెయ్యంత మేర గీస్తుంది, ఆ తర్వాత పెన్ను ఎత్తి నడిచి పక్క ముక్క మొదలుపెడుతుంది. పెన్నుని బిగించకుండా గొట్టంలో వదులుగా వేలాడదీశాను, ఒళ్లు ఊగినా దాని బరువుతో అది కాగితాన్ని వదలడం లేదు. ఎడం 4 నుంచి 1.5 మి.మీ.కి తగ్గింది. మిగిలినది గుండ్రం నాలుగు పక్కలా, మోటారు దిశ మార్చుకునే చోట చిన్న గంటులా కనిపిస్తోంది.

రెండు, 10 మి.మీ. థర్మాకోల్ ముక్క మీద వేడి సూది పెట్టి చూశాను. తిన్నగా బాగానే వెళ్లింది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది, అక్కడ బఠాణీ గింజంత బొక్క. కోత ఆపేశాను. కానీ ఎప్పటికీ వద్దనుకోను. రేడియం స్టిక్కర్ మీద ఈడ్చుకుంటూ పోయి కోసే చిన్న బ్లేడుకి గ్రాముల ఒత్తిడి చాలు, నిలబడి ఉన్న రోబో అది మోయగలదు.

బరంపురం ఫిట్టర్:
నిలబడి కోస్తే, అదీ స్టిక్కరే అయితే, నా అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం ఇది. సర్వోకి కరెంటు పోతే కాళ్లు చచ్చుబడతాయి. 2 కిలోలూ ఒక్కసారి కింద ఉన్న పరికరం మీద కూలబడతాయి. వేడి సూదైతే షీటు కాలుతుంది, బ్లేడైతే పట్టుకోబోయిన చెయ్యి తెగుతుంది. బ్లేడు దిగడానికి మోటారు, పైకి లేవడానికి స్ప్రింగు పెట్టు. కరెంటు పోతే దానంతట అదే పైకి పోవాలి. ఒంటి కింద నాలుగు మొద్దులు కూడా బిగించు, కూలినా బ్లేడు నేలకి అందకూడదు. ఇవి బిగించాక ఫొటో పెట్టు, అప్పుడు సరే అంటాను.

పర్లాకిమిడి గుంటడు:
ఇది నాకు తట్టలేదన్నా. మొద్దులు ఈ రాత్రే బిగిస్తాను. స్ప్రింగు పెట్టేదాకా బ్లేడు ముట్టను.

గుణుపురం మండపాలు:
ఆదివారం గుణుపురం పాసింజరు ఎక్కి మా షెడ్డుకి రా తమ్ముడూ. మీటరు షీట్లు రెండు పక్కపక్కన పరిచి ఉంచుతాను, పాత గచ్చు, జారదు. 'శ్రీ' ఒకటి, ఒడియాలో నీకు వచ్చిన గుండ్రటి అక్షరం ఏదైనా ఒకటి గీసి చూపించు. పెన్ను ఒక్కటే తెచ్చుకో.