మదన్ మోహన్, రాజా మెహదీ అలీ ఖాన్ పాటల సభకు సితార్ లోటును ఎలా పూడ్చాలి?

అందరికీ నమస్కారం. 1951 నాటి హిందీ చిత్రం ‘మద్‌హోష్’ నుంచి ‘అన్‌పఢ్’, ‘వో కౌన్ థీ’ మీదుగా 1966లో వచ్చిన ‘మేరా సాయా’ వరకు సంగీత దర్శకుడు మదన్ మోహన్, కవి రాజా మెహదీ అలీ ఖాన్ కలిసి చేసిన పాటలతో, జూలై 14న మదన్ మోహన్ వర్ధంతి సందర్భంగా, హైదరాబాదులో మిత్రులం ఒక చిన్న సభ జరపదలిచాము. ఈ కవిని తలచుకునేవారు తక్కువ కావడం నాకు బాధ కలిగిస్తుంది. ‘లగ్ జా గలే’ తెలియనివారు లేరు గాని, అది రాసినవారి పేరు చాలామందికి తెలియదు. అందుకే ఇద్దరికీ సమానంగా చోటివ్వాలని మా సంకల్పం.

మాకు హార్మోనియం, తబలా, వేణువు, వీణ వాయించేవారు ఉన్నారు. సితార్ వాద్యకారుడు దొరకలేదు. ‘నైనోం మే బద్రా ఛాయే’ హిందుస్తానీ సంప్రదాయంలోని భీంపలాసి రాగంలోని పాట. మా వైణికురాలు కర్ణాటక సంప్రదాయంలో శిక్షణ పొందినవారు కనుక, ఆమె వాయిస్తే గమకాల (స్వరాన్ని ఊపుతూ పలికించడం) వల్ల అది దానికి దగ్గరి కర్ణాటక రాగమైన ఆభేరిలా వినిపిస్తోంది. సితార్ భాగాలను వీణపైనే గమకం తగ్గించి, స్వరం నుంచి స్వరానికి మెల్లగా జారుతూ వాయించడం మేలా, లేక వేణువుకు అప్పగించడం మేలా? ఇటువంటి పాటలను వేదికపై వాయించిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు. అలాగే, ఉర్దూ తెలియని శ్రోతల కోసం ప్రతి పాటకు ముందు భావం చెప్పడం మంచిదా, అచ్చువేసి పంచడం మంచిదా?